రొయ్యా, రికొట్టా, మధ్యలో నీరు

చేపలూ పాలూ కలిపి తినకూడదంటారు కదా, మరి రొయ్యల్లో విరిగిన పాల ముద్ద కలిపి ఓవెన్‌లో పెట్టి తినే ఇటలీవాళ్ళకు ఏమీ కాదా? మన ఇళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఆ వంటకాన్ని ఒకసారి చేసి చూసినవాళ్ళ ప్రశ్న ఇంకొకటి. ఓవెన్ 200 డిగ్రీల వేడిమీద అరగంట నడిచింది, పైన చక్కగా ఎర్రబడింది, అయినా అడుగున పిండి పచ్చిగా, తడిగా ఎందుకు మిగిలింది? రొయ్యలు నమిలినా నలగనంత గట్టిగా ఎందుకయ్యాయి?

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రెండోదానికి జవాబు చెప్పాలంటే పాలు, గుడ్డు, రొయ్య, మైదా వేడికి ఎలా మారతాయో ఒక్కొక్కటిగా చూడాలి. ఆ మార్పులన్నిటి వెనకా నడిచే కథ ఒకటే, నీటి కథ.

ముందు వంటకం సంగతి చెప్పుకుందాం. ఇటలీ ఇళ్ళలో చేసే ఉప్పటి పైని తోర్తా సలాటా అంటారు. మైదా, వెన్న కలిపి వత్తిన పలుచని పిండిని పళ్ళెంలో గిన్నె ఆకారంలో పరుస్తారు. అందులో రికొట్టా అనే తాజా చీజ్, గుడ్లు, మిరియాలు, నిమ్మతొక్క తురుము కలిపిన మిశ్రమం నింపుతారు. కూరగాయలతో చేసేవి ఎక్కువ. సముద్రతీరాల్లో రొయ్యలతోనూ చేసుకుంటారు. మనం తీసుకుంటున్నది ఆ రొయ్యల పై.

రెండు వేల ఏళ్ళ తగువు

చేపనూ పాలనూ కలపవద్దన్న మాట మన దేశంలో చాలా పాతది. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారాల జాబితా ఉంది. చేపా పాలూ అందులో కలిసే కనిపిస్తాయి. ఒకటి వేడి చేసేది, మరొకటి చలవ చేసేది కనుక రెండూ కలిస్తే రక్తం చెడుతుందని ఆ గ్రంథం వివరణ. తరవాతి కాలంలో జనం నోట అది బొల్లి వస్తుందన్న భయంగా మారింది.

బొల్లి అంటే చర్మానికి రంగునిచ్చే కణాలమీద మన శరీర రక్షణ వ్యవస్థే దాడిచేయడం. చేపలూ పాలూ కలిపి తింటే ఆ దాడి మొదలవుతుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. బెంగాలీలు పెరుగులో చేప వండి తరతరాలుగా తింటున్నారు. నిజంగా భయపడవలసిన విషయం వేరే ఉంది. కొందరికి రొయ్యలు, పీతలు అసలు పడవు. వాటి కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ దానికి ముఖ్యకారణం. ఎంత ఉడికించినా అది తన గుణం వదులుకోదు. అలాంటివాళ్ళు పాలు కలిపినా కలపకపోయినా రొయ్య జోలికి పోకూడదు.

ఇటలీలోనూ చేపమీద చీజ్ వేయకూడదన్న పట్టింపు గట్టిగానే ఉంది. దాని మూలాలు వెతుకుతూ పోతే సిసిలీ దీవి చేరతాం. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో అక్కడి వంటవాడు మిథైకోస్ ఒక సన్నని చేపను శుభ్రంచేసి, ముక్కలు కోసి, చీజ్, నూనె చేర్చమని రాశాడు. పేరు తెలిసిన రచయిత రాయగా నేటికి మిగిలిన వంట విధానాల్లో అది అతి పురాతనమైనదని చెబుతారు. మరుసటి శతాబ్దంలో అదే దీవిలోని గెలా పట్టణానికి చెందిన ఆర్కెస్ట్రాటోస్ అనే కవి, మంచి చేపకు చీజ్ పూసి పాడుచేస్తున్నారని సిరక్యూస్ వంటవాళ్ళను తప్పుపట్టాడు. ఇది రుచిమీద వచ్చిన తగువు. ఘాటైన, ముదురు చీజ్ సున్నితమైన చేప రుచిని కప్పేస్తుందన్న మాటలో నిజం ఉంది. రికొట్టాకు ఆ ఘాటు లేదు. ఉప్పు కూడా తక్కువే. అందుకే రొయ్యకు అది కుదురుతుంది.

వల అల్లుకునే వేడి

నాలుగు వందల గ్రాముల రికొట్టా, ఒలిచిన రొయ్యలు మూడు వందల గ్రాములు, రెండు గుడ్లు తీసుకుందాం. మొత్తం ఎనిమిది వందల గ్రాములు. రికొట్టాలో నూటికి డెబ్భైకి పైగా, గుడ్డులో 75, రొయ్యలో 78 వంతుల దాకా నీరే. లెక్క కడితే ఆరు వందల గ్రాములకు దగ్గరగా వస్తుంది. అంటే రొయ్యల పై చేయడమంటే అరలీటరుకు మించిన నీటిని పలుచని పిండి గిన్నెలో పెట్టి, గిన్నె తడవకుండా కాల్చడం.

ఇంత నీరూ కారిపోకుండా పట్టి ఉంచేవి ప్రోటీన్లు. ప్రోటీన్ ఒక పొడవాటి దారం. పచ్చిగా ఉన్నప్పుడు అది తనలో తాను చుట్టుకుని ఉండగా ఉంటుంది. వేడి తగిలితే ఉండ విప్పుకుంటుంది. విప్పుకున్న దారాలు పక్క దారాలతో ముడిపడి వలగా అల్లుకుంటాయి. ఆ వల కళ్ళలో నీరు చిక్కుకుంటుంది. గుడ్డు గట్టిపడటం, ఉడికిన రొయ్య బిగుసుకోవడం ఈ వల పనే.

వేడి అక్కడితో ఆగకపోతే ముళ్ళు ఇంకా బిగుస్తాయి. కళ్ళు ఇరుకవుతాయి. అంతవరకూ పట్టి ఉంచిన నీటిని వలే బయటికి పిండేస్తుంది. మితమైన వేడి నీటిని పడుతుంది, మితిమీరిన వేడి వదిలేస్తుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మిగతా అధ్యాయమంతా దానంతట అదే అర్థమవుతుంది. చిక్కల్లా ఒకటే. రొయ్యలోని ప్రోటీన్ వల అల్లే వేడి వేరు, గుడ్డుది వేరు, పాలది వేరు. మూడూ ఒకే పళ్ళెంలో, ఒకే ఓవెన్‌లో ఉన్నాయి.

రొయ్యకు తొందరెక్కువ

మేక శరీరం ఎప్పుడూ 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. రొయ్య శరీరం వేడి దాని చుట్టూ ఉన్న నీటి వేడే. కాబట్టి రొయ్య ప్రోటీన్లు వేడిని అంతగా ఓర్చుకోలేవు. మేకమాంసం కన్నా తక్కువ వేడికే వాటి ఉండలు విప్పుకుంటాయి. కండను కదిలించే ముఖ్యమైన ప్రోటీన్ మయోసిన్. రొయ్య లోపలి వేడి 50 డిగ్రీలు దాటేసరికి ఇది వల అల్లడం చాలావరకు పూర్తిచేస్తుంది. రొయ్య తెల్లబడి, కాస్త బిగుస్తుంది, రసం లోపలే ఉంటుంది. 70 డిగ్రీలకు అటూఇటూగా ఆక్టిన్ అనే రెండో ప్రోటీన్ కూడా ముడిపడుతుంది. అప్పుడు రొయ్య చిక్కిపోయి గట్టిగా చుట్టుకుంటుంది, నీరు బయటికొస్తుంది. ఈ రెండు మజిలీల మధ్య ఉన్న వ్యవధి పెనంమీద అయితే ఒక్క నిమిషమే.

రొయ్య ఎర్రబడటానికీ ఉండ విప్పుకోవడమే కారణం. రొయ్య తినే నాచులాంటి ఆహారంలోంచి అస్టాజాంథిన్ అనే ఎర్రని పదార్థం దాని పెంకులోకి చేరుతుంది. పచ్చి రొయ్యలో ఒక ప్రోటీన్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టువల్ల అది నీలి బూడిదరంగులో కనిపిస్తుంది. వేడికి పట్టు వదిలిపోయి అసలు రంగు బయటపడుతుంది. పైపొర ఎర్రబడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు.

రొయ్య తీపికి కూడా కారణం ఉంది. ఉప్పునీటిలో బతికే జీవి కణాల్లోంచి నీరు బయటికి పోకుండా ఉండాలంటే లోపల కూడా ఏదో ఒకటి చిక్కగా కరిగి ఉండాలి. రొయ్య అందుకు గ్లైసిన్ వంటి చిన్న అమైనో ఆమ్లాలను దాచుకుంటుంది. గ్లైసిన్ నాలుకకు తియ్యగా ఉంటుంది. అందుకే ఉప్పు బాగా ఉన్న నీటిలో పెరిగిన రొయ్యకు తీపి ఎక్కువ. అదే పనికోసం దాచుకున్న ఇంకో పదార్థాన్ని, రొయ్య చచ్చాక బ్యాక్టీరియా నీచు వాసనగా మారుస్తుంది. నాలుగు చుక్కల నిమ్మరసం ఆ వాసనను గాలిలోకి లేవనివ్వదు. పైలో నిమ్మ వేసేది అందుకే కూడా.

రొయ్యలో నీటిని ఏం చేయాలో ఆంధ్ర తీరంలో వండేవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇగురు వండేటప్పుడు ఒలిచిన రొయ్యలకు ఉప్పు, పసుపు పట్టించి ముందు ఉత్తినే పొయ్యిమీద పెడతారు. ఊరిన నీరంతా ఇగిరిపోయాకే ఉల్లిపాయలూ కారమూ కలుపుతారు. పైకీ ఆ జాగ్రత్తే కావాలి, కాకపోతే తక్కువ సేపు. ఒలిచిన రొయ్యలకు చెంచాడు ఉప్పు రాసి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉప్పు మయోసిన్‌ను కొంత కరిగిస్తుంది. దాంతో వల అల్లుకున్నప్పుడు ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. తరవాత కడిగి, గుడ్డతో తడి లేకుండా ఒత్తి, బాగా కాలిన పెనంమీద అటూఇటూ తిప్పి అరనిమిషంలో దించేయాలి. పైతడి ఆవిరవుతుంది, లోపల సగం పచ్చిగా మిగులుతుంది. ఆ మిగతా సగాన్ని ఓవెన్ చూసుకుంటుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడాలి. పెద్ద రొయ్య నెమ్మదిగా ఉడుకుతుంది కనుక పైకి అనుకూలం. చెరువుల దగ్గర 40 కౌంట్ అనే రకం, అంటే కిలోకు 40 తూగేది, సరిపోతుంది. ఒలిచినవి మూడు వందల గ్రాములు రావాలంటే తలతో ఉన్నవి రమారమి ఆరు వందల గ్రాములు కొనాలి. గడ్డకట్టిన ప్యాకెట్ అయితే దానిమీద ఫాస్ఫేట్ అన్న మాట ఉందేమో చదవాలి. నీటిని పట్టి ఉంచడానికి కలిపే లవణం అది. అలాంటి రొయ్య తూకంలో కొంత, తరవాత కలిపిన నీరే. ఓవెన్‌లో దాంట్లో కొంతభాగం పిండి గిన్నెలోకే కారవచ్చు.

కరగని చీజ్

పిజ్జామీద మోజరెల్లా కరిగి సాగుతుంది. నూనెలో వేయించినా పన్నీరు ముక్క ముక్కలాగే ఉంటుంది. రెండూ పాలలోంచి వచ్చినవే, ఎందుకింత తేడా?

పాలలోని ప్రోటీన్లలో నూటికి 80 వంతులు కేసీన్లు. అవి క్యాల్షియం సాయంతో గుంపులుగా ఉంటాయి. మోజరెల్లా చేసేవాళ్ళు దూడ కడుపులో దొరికే రెనెట్ వంటి ఎంజైముతో పాలను గడ్డకట్టిస్తారు. ఆ గడ్డలో చాలావరకు క్యాల్షియం ముళ్ళు నిలిచే ఉంటాయి. వేడికి ఆ ముళ్ళు వదులై చీజ్ జారుతుంది. మనం పన్నీరు చేసేటప్పుడు కాగిన పాలలో నిమ్మరసం పిండుతాం. పులుపు క్యాల్షియాన్ని కరిగించి తీసుకుపోతుంది, ప్రోటీన్లు నేరుగా ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అలాంటి వలకు వేడి తగిలితే వదులవడం మాట అటుంచి, ఇంకా బిగుస్తుంది.

కేసీన్లు గడ్డకట్టగా మిగిలిన తేట నీటిలో మిగతా ఇరవై వంతుల ప్రోటీన్లు కరిగి ఉంటాయి. గొర్రెల కాపరులు, పాడిరైతులు ఆ తేటను పారబోయకుండా మళ్ళీ 80 నుంచి 90 డిగ్రీలదాకా కాచి, కాస్త పులుపు చేరుస్తారు. తెల్లని మెత్తటి పలుకులు పైకి తేలుతాయి. వాటిని బుట్టల్లోకి తోడి వడకడితే రికొట్టా. తేటలోని ప్రోటీన్లు ఉత్త వేడికే గట్టిపడతాయనడానికి సాక్ష్యం మన జున్ను. ఈనిన మొదటి రోజుల ముర్రుపాలలో ఇలాంటి ప్రోటీన్లు మామూలు పాలకంటే ఎన్నో రెట్లు ఉంటాయి. అందుకే పులుపు చుక్క అక్కర్లేకుండా, ఆవిరిమీద పెడితే చాలు, జున్ను పేరుకుంటుంది.

రికొట్టా వల అంత వేడిలో ముందే అల్లుకుని ఉంది. కాబట్టి పై లోపలి 75 డిగ్రీల వేడి దానికి కొత్త కాదు. కరగదు, సాగదు, రొయ్యలచుట్టూ మెత్తగా నిలిచి ఉంటుంది. పైగా ఓవెన్ వేడి రొయ్యను నేరుగా తాకకుండా మధ్యలో అడ్డు ఉంటుంది. దాని లోపం ఒక్కటే, వల వదులుగా ఉండటం. కదిపితే చాలు నీరు ఊరుతుంది. అందుకే పల్చటి గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టాలి. ఆ తరవాత కూడా మిగిలిన నీటిని పట్టడానికే రెండు గుడ్లు. గిలక్కొట్టి కలిపిన గుడ్డు 75 నుంచి 80 డిగ్రీల మధ్య గట్టిపడుతూ రికొట్టా పలుకుల మధ్య రెండో వల అల్లుతుంది.

మన ఊళ్ళలో రికొట్టా దొరక్కపోతే నష్టం లేదు. రెండు లీటర్ల ఆవుపాలు పొంగు వచ్చేదాకా కాచి, దించి, రెండు నిమిషాలు ఆగి నిమ్మరసం కొద్దికొద్దిగా పోయాలి. విరిగాక గుడ్డలో వేలాడదీయాలి. పైన బరువు పెట్టకూడదు. బరువు పెడితే అది పన్నీరు గడ్డవుతుంది, పైలో పొడిపొడిగా తగులుతుంది. గేదెపాల విరుగుడు ఇంకాస్త గట్టిగా వస్తుంది కనుక ఆవుపాలే మేలు.

తడవని అడుగు

మైదాకు నీళ్ళు తగిలి, చేత్తో మర్దిస్తే గ్లూటెన్ అనే సాగే వల పుడుతుంది. రొట్టెకూ పరోటాకూ అది కావాలి, పైకి అక్కర్లేదు. సాగే పిండి ఓవెన్‌లో ముడుచుకుపోతుంది, కాలాక గట్టిపడుతుంది. అందుకే 250 గ్రాముల మైదాలో ముందుగా 125 గ్రాముల చల్లని వెన్న ముక్కలు, చిటికెడు ఉప్పు వేసి వేళ్ళతో నలుపుతారు. కొవ్వు పట్టిన మైదా రేణువుకు నీరు సులభంగా అందదు. గ్లూటెన్ తక్కువ పుడుతుంది. తరవాత నాలుగైదు చెంచాల చల్లటి నీళ్ళు చల్లి, మర్దించకుండా ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచుతారు. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది. మన ఎండాకాలంలో వంటింటి వేడే అంత ఉంటుంది కనుక, పిండిని తెల్లవారుజామున కలుపుకోవడం మంచిది.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. ఓవెన్ 200 డిగ్రీలున్నా అడుగు ఎందుకు కాలలేదు? తడి ఉన్నంతసేపూ ఏ పదార్థమూ 100 డిగ్రీలు దాటదు. వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంచుచల్లని నీటిని మరిగే దశకు తేవడానికి ఎంత వేడి కావాలో, మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి అంతకు అయిదు రెట్లకు పైగా కావాలి. పిండి ఎర్రబడి కమ్మని వాసన రావాలంటే 140 డిగ్రీలైనా అవసరం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీయ్ మయ్యార్ 1912లో వివరించిన మార్పు అది. ప్రోటీన్ల ముక్కలూ చక్కెరలూ కలిసి గోధుమరంగు, కొత్త రుచులు పుట్టించడం. పైభాగం నుంచి ఆవిరి గాలిలోకి పోతుంది, కాబట్టి ఆరి ఎర్రబడుతుంది. అడుగున ఆవిరికి దారి లేదు, పైనుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. అక్కడ మైదాలోని గంజి పదార్థం తడిలో ఉడికి జిగురవుతుంది. అది కాలడం కాదు, ఉడకడం.

ఉపాయం, నీరు చేరకముందే అడుగును కాల్చేయడం. 24 సెంటీమీటర్ల రేకు పళ్ళెంలో పిండిని పరిచి, ముల్లుగరిటెతో పొడిచి, కాగితం వేసి, దానిమీద ఎండు శనగలు నింపి 200 డిగ్రీలమీద పదిహేను నిమిషాలు కాల్చాలి. శనగల బరువుకు పిండి ఉబ్బదు, అంచులు జారవు. తరవాత కాగితం తీసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఉంచితే లేత గోధుమరంగు వస్తుంది. వెంటనే గిలక్కొట్టిన గుడ్డు సొనను కుంచెతో పలుచగా రాయాలి. ఆ వేడికే సొన గట్టిపడి అడుగుకూ తడికీ మధ్య ఒక పొరవుతుంది. గాజు, పింగాణీ పాత్రలకంటే రేకు పళ్ళెం వేడిని త్వరగా అందిస్తుంది. ఓవెన్‌లో కింది అర దాని చోటు.

ఓవెన్ తలుపు మూశాక

వడకట్టిన రికొట్టా, గుడ్లు, మిరియాలపొడి, నిమ్మతొక్క తురుము, నాలుగు చుక్కల నిమ్మరసం కలపాలి. చల్లారిన రొయ్యలను చివర్లో చేర్చి, కాలిన పిండి గిన్నెలో నింపాలి. ఇప్పుడు ఓవెన్ 180 డిగ్రీలు చాలు. ముప్పై నుంచి ముప్పై అయిదు నిమిషాలకు అంచులు పేరుకుంటాయి, నడిమి భాగం పళ్ళెం కదిపితే కొంచెం వణుకుతుంది. మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 72 నుంచి 75 డిగ్రీలు చూపితే తీసేయవచ్చు. గుడ్డు కలిసిన వంటకం క్షేమంగా ఉండటానికి 71 డిగ్రీలు కావాలి, రొయ్యకు 63 సరిపోతుంది. బయటికి తీశాక కూడా అంచుల వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది, గుడ్డు పూర్తిగా పేరుకోవడానికి అది చాలు. ఇంకో పదిహేను నిమిషాలు ఉంచితే రొయ్య బిగుసుకుంటుంది, గుడ్డు వల నీటిని వదులుతుంది, అంతవరకూ పడిన శ్రమ అడుగున తడిగా తేలుతుంది.

కోసే ముందు ఇరవై నిమిషాలు ఆగాలి. చల్లారేకొద్దీ మిశ్రమం చిక్కబడి, వదులుగా ఉన్న నీరు వల కళ్ళలో సర్దుకుంటుంది. మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. గర్భిణులు పచ్చిపాలతో చేసిన తాజా చీజ్ వాడకూడదు. అందులో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిందే తీసుకోవాలి.

రొయ్య సంగతిలో తెలుగువాళ్ళు ఎవరికీ తీసిపోరు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానికి చెందిన వనామి రొయ్యను పెంచడానికి మన దేశం 2009లో అనుమతించింది. నేడు దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశే ముందుంది. అంత మంచి సరుకు మన చెరువుల్లో పెరిగి, పెట్టెల్లో గడ్డకట్టి, దేశాలు దాటిపోతోంది. మన ఇళ్ళలో దాంతో చేసే వంటలు ఇగురు, వేపుడు, పులుసు దగ్గరే ఆగనక్కర్లేదు. ఓవెన్ ఉన్నవాళ్ళు ఈ పైని ఒకసారి చేసి చూడండి. కొలతలు మరిచిపోయినా పరవాలేదు. ప్రతి మెట్టు దగ్గరా నీరు ఎక్కడుంది, దాన్ని ఎవరు పట్టుకున్నారు, ఎంత వేడికి వదిలేస్తారు అని అడగండి. ఆ మూడింటికీ జవాబు తెలిసినవాళ్ళ చేతిలో పాయసమైనా, పన్నీరు కూరైనా, చేపల పులుసైనా ఇంతకుముందుకన్నా బాగా కుదురుతుంది.